కదిలిన ఇర్రిబెదురు

మేఖలదేశపు తూర్పు సరిహద్దున ఏడేళ్ళు యుద్ధం చేసి, అందులో ఎడమ చెవి పోగొట్టుకుని, వేలికి రాజముద్రిక సంపాదించుకుని, బైచన సొంత ఊరు కొర్రలమిట్ట పొలిమేర తొక్కేసరికి పొద్దు బారెడెక్కింది.

ఎండాకాలం ఆఖరి రోజులు. ఏటి తడి కింద వేసిన రెండో పంట మోకాలెత్తు పెరిగి, గాలికి పచ్చపట్టు పరిచినట్టు అలలు అలలుగా ఊగుతోంది. ఆ పచ్చదనం మీద లేళ్ళు. ఒకటీ రెండూ కాదు, మందలకు మందలు. మేలిమి బంగారానికి ముత్యాల చుక్కలు పెట్టినట్టున్న దుప్పులు, పిల్లల్ని వెంటేసుకున్న ఆడలేళ్ళు, మెలితిరిగిన కొమ్ముల నల్ల ఇర్రులు తమ సొంత తోటలో విందుకు వచ్చినట్టు తీరిగ్గా కంకులు కొరుకుతున్నాయి. అదిలించే మనిషి లేడు. పొలం పొలానికీ మాత్రం ఒక ఇర్రిబెదురు నిలబడి ఉంది.

ఇర్రి అంటే లేడి. దాన్ని బెదరగొట్టేది ఇర్రిబెదురు. తాతలనాటి మాట. కొయ్యకు గడ్డి చుట్టి, చిరిగిన చొక్కా తొడిగి, నెత్తిన మసికుండ బోర్లించి పొలం మధ్య పాతితే, ఆ బొమ్మను చూసి లేళ్ళు పొలిమేర దాటేవి. చిన్నప్పుడు ఆ బొమ్మల చాటున అన్నతో దాగుడుమూతలు ఆడిన బైచనకు నవ్వొచ్చింది.

"ఏం బొమ్మలు కడుతున్నార్రా! వీటిని చూస్తే లేడి కాదు గదా, ఈగ కూడా బెదరదు" అనుకుంటూ గుర్రం దిగాడు. రాత్రంతా నడిచిన గుర్రం ఆకలితో సకిలిస్తోంది. దగ్గరున్న బొమ్మ ఎడమచేతి కొస నుంచి రెండు పిడికెళ్ళ గడ్డి పుటుక్కున తెంపి దాని మూతికి అందించాడు.

గుర్రం వాసన చూసింది. ముక్కుపుటాలు ఎగరేసి, కళ్ళు తెల్లబడేలా తిప్పి, నాలుగడుగులు వెనక్కి గెంతింది.

"తెంపమాక! తెంపమాకయ్యా!"

గట్టు మీద నుంచి ఒక ఆడమనిషి కొంగు జారిపోతున్నా చూసుకోకుండా పరుగెత్తుకొస్తోంది. వచ్చీ రాగానే బైచన చేతిలోని గడ్డి లాక్కుని గుండెకు హత్తుకుంది. అప్పుడుగాని అతని ముఖం చూడలేదు.

"వదినా! నేను, బైచనను" అన్నాడతను.

అన్న పేరు పేరన. అతని భార్య ఈ పోలమ. పెళ్ళినాడు చామంతిపువ్వులా ఉన్న మనిషి ఇప్పుడు ఎండుకొమ్మలా ఉంది. మరిదిని చూసి ఆమె ఏడవలేదు, నవ్వలేదు.

"వచ్చావా నాయనా" అంది. "మీ అన్న కోసం ఇంటికి పోనక్కర్లేదులే. ఇప్పుడు నువ్వు తెంపింది ఆయన వేళ్ళే."

బైచన చేతిలో ఇంకా రెండు పరకలు మిగిలి ఉన్నాయి. వాటినెక్కడ పెట్టాలో అతనికి తోచలేదు.

ఆ గట్టు మీదే కూర్చుని పోలమ చెప్పుకొచ్చింది. అతను యుద్ధానికి వెళ్ళిన మరుసటేడే మహారాజు ధవళకీర్తికి అంతుపట్టని రోగమొచ్చింది. ధూమకేశుడనే మాంత్రికుడు వచ్చి వైద్యం చేశాడు. రాజుగారి ప్రాణాన్ని తీసి లేళ్ళమందల్లో పంచిపెట్టాననీ, లేడికి దెబ్బ తగిలితే రాజుగారి ఒంట నెత్తురు కారుతుందనీ దండోరా వేయించాడు. రాజుగారి లేడిని కొట్టినవాడు కొట్టినచోటే ఇర్రిబెదురై నిలబడాలని మంత్రశాసనం పెట్టాడు. మంత్రం చదవడానికి ఎవరూ రానక్కర్లేదు. రాయి లేడిని తాకిన మరుక్షణం అరికాళ్ళు కొయ్యకట్టి, నరాలు గడ్డిపరకలై, మనిషి ఉన్నపాటున బొమ్మైపోతాడు. బొమ్మలో ప్రాణం మాత్రం ఉంటుంది.

"విత్తనానికని దాచిన కంకులు మేస్తుంటే మాఘమాసంలో మీ అన్న మట్టిబెడ్డ విసిరాడు. మన ఊళ్ళో ఇప్పుడు నలభై ఒక్కరు నిలబడ్డారు" అంది పోలమ.

"ఆరేళ్ళకు నలభై ఒక్కరేనా?"

"ఆరేళ్ళకు కాదు నాయనా, ఈ ఏటికి. గడ్డి నానితే ఏమవుతుంది? ప్రతి ఏడూ తొలకరికి పాతవాళ్ళు కుళ్ళి నేల కలుస్తారు. ఆ నేల్లోనే మళ్ళీ విత్తుతాం."

బైచన నైరుతి దిక్కు చూశాడు. ఆకాశపు అంచున కాటుక పూసినట్టు సన్నని మబ్బుచార. మూడురోజుల్లో వాన.

యుద్ధం మొదలైన ఏడే పులికనుమ పోరులో మహారాజు మెడ మీదికి దిగుతున్న కత్తికి అడ్డంపడి బైచన చెవి పోగొట్టుకున్నాడు. ఆనాడు రాజే స్వయంగా తన ఉంగరం తీసి అతని వేలికి తొడిగి, "నీకు ఏ ఒక్కటి కావాలన్నా అడుగు, కాదనను" అని సేనల ముందు మాటిచ్చాడు. ఆ ఉంగరాన్ని ఒకసారి తడిమి చూసుకుని బైచన గుర్రమెక్కాడు.

"కాస్త అంబలైనా తాగిపో" అని వదిన కేకేసింది. ఆ కేక దుమ్ములో కలిసిపోయింది.

రాజధాని రజతతోరణానికి పగలూ రాత్రీ కలిపి ఒకనాటి దారి. సాలవనం నడుమ సుడిగాలి లేచి దారి రెండుగా చీలినట్టు భ్రమ పెట్టింది. బైచన కళ్ళు మూసుకుని పగ్గం గుర్రానికే వదిలేశాడు. గంధశిలా నది మీది వంతెన కాళ్ళకింద మెత్తబడి, కొండచిలువై ఒళ్ళు విరుచుకుంది. దాని వెన్ను మీదుగానే గుర్రాన్ని దౌడు తీయించి, అది తల తిప్పేలోగా అవతలి గట్టుకు దూకాడు. తన రాక ధూమకేశుడికి తెలిసిపోయిందని అప్పుడే అర్థమైంది.

మర్నాడు పొద్దున్నే ఉంగరం చూపిస్తే ఏడు వాకిళ్ళూ తెరుచుకున్నాయి. అదేమి కొలువు! ఏనుగుదంతపు స్తంభాలకు పగడపు తీగలు అల్లుకున్నాయి. చంద్రకాంతపు గచ్చు మీద పునుగు కలిపిన పన్నీరు చిలకరించారు. నెమలిపింఛాల వింజామరలు వీచే నూరుమంది చెలికత్తెల నడుమ, నవరత్నాలు తాపిన పట్టెమంచం మీద ధవళకీర్తి మహారాజు ఆనుకుని ఉన్నాడు. పులికనుమలో నెరిసిన గడ్డంతో చూసిన మనిషి ఇప్పుడు పాతికేళ్ళ పడుచువాడిలా నిగనిగలాడుతున్నాడు. పక్కన, పొగ గడ్డకట్టి మనిషైనట్టు ధూమకేశుడు నిలబడ్డాడు.

"నా బైచన కదూ! మా ప్రాణదాత కదూ!" అంటూ రాజు చేతులు చాపాడు. ఆ ప్రేమలో కల్తీ ఏమీ కనబడలేదు. బైచనకు కళ్ళు చెమర్చాయి.

"మహాప్రభూ, మాటిచ్చారు. ఆ ఒక్కటి అడగడానికి వచ్చాను. మా కొర్రలమిట్టలో నిలబడ్డవాళ్ళను వదిలిపెట్టించండి."

రాజు అతని తెగిన చెవి వంక చూశాడు.

"శాసనం ఎత్తేస్తే లేళ్ళను కొడతారు. లేళ్ళను కొడితే నేను చస్తాను. అంటే నువ్వు అడుగుతున్నది నా ప్రాణం. నువ్వే కాపాడిన ప్రాణం. ఇవ్వమంటావా?" అన్నాడు మెత్తగా.

బైచన చూపు వేలి ఉంగరం మీద పడింది.

"ఒక్క కోరిక అన్నాను. ఒక్కణ్ణి అడుగు, ఇస్తాను."

నలభై ఒక్క ముఖాలు బైచన కళ్ళముందు తిరిగాయి. అందులో సగంమంది ఒళ్ళో అతను ఆడుకున్నాడు. "మా అన్న" అన్నాడు. ఆ మాట తన గొంతులోంచి అంత తేలిగ్గా వచ్చినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

ధూమకేశుడు చిటికెడు బూడిదను తామరాకులో పొట్లం కట్టి ఇచ్చాడు. ఇస్తూ నవ్వాడు. నవ్వితే అతని నోటినుంచి పొగ వచ్చింది.

మూడోరోజు జాముపొద్దెక్కాక బైచన ఊరు చేరాడు. మబ్బు సగం ఆకాశాన్ని మింగేసింది. సంగతి అతనికంటే ముందే ఊరికి చేరింది. నిలబడ్డవాళ్ళ పెళ్ళాలు, తల్లులు, తండ్రులు పేరన పొలం గట్టు మీద గుమిగూడారు. అందరి కళ్ళూ ఆ తామరాకు పొట్లం మీదే. ముందు వరసలో కాటమవ్వ కర్ర ఊతంతో నిలబడింది. ఒకప్పుడు చుట్టుపక్కల పది ఊళ్ళకు ఇర్రిబెదురులు కట్టి ఇచ్చిన చెయ్యి ఆమెది. ఇప్పుడు ఆమె ముగ్గురు కొడుకులూ మూడు పొలాల్లో నిలబడ్డారు.

"ఒక్కటేనా తెచ్చావు?" అంది అవ్వ.

"ఒక్కటే ఇచ్చారవ్వా."

"అడిగింది ఎన్ని?"

బైచన తల దించుకున్నాడు.

బూడిద చల్లాడు. గడ్డి చిటపటలాడింది. పరకలు నరాలయ్యాయి, చొక్కా కింద పక్కటెముకలు లేచాయి, మసికుండ జారి పగిలింది. లోపలినుంచి పేరన ముఖం బయటపడింది. నాలుగునెలలు రెప్పవేయని కళ్ళు. ఎడమచేతికి రెండు వేళ్ళు లేవు. అతను కొయ్య దిగి ఒక్కడుగు వేసి, ఎదురొస్తున్న భార్యను చూసి రెండుచేతులూ అడ్డంగా ఊపాడు. నోరు తెరిచాడు. ఎండిన గొంతులోంచి బుసమన్న గాలి తప్ప మాట రాలేదు.

పోలమకు అదేమీ కనబడలేదు. "నా స్వామీ" అంటూ పోయి కావలించుకుంది.

కావలించుకున్నదే గాని విడిచిపెట్టలేకపోయింది. పేరన భుజం మీద ఆనిన ఆమె చెంప గరుకెక్కింది. జడ పసుపుపచ్చటి గడ్డివేణి అయింది. అతని వీపు చుట్టూ ఉన్న చేతులు రెండూ కర్రల్లా బిగుసుకున్నాయి. ఖాళీ అయిన కొయ్య నేలలోంచి ఊడి, దానంతటదే వచ్చి ఆమె కాళ్ళ మధ్య దిగబడింది. పేరన ఆ గడ్డికౌగిలిలోంచి, ఒక్క పరక కూడా తెగకుండా, మెల్లమెల్లగా కిందికి జారి బయటపడి మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

గట్టు మీది జనం ఒక్కడుగు వెనక్కి వేశారు.

"నలభై ఒకటి అలాగే ఉంది" అంది కాటమవ్వ.

బైచన పిచ్చివాడిలా తామరాకును నేలకేసి తొక్కాడు. కత్తి దూసి మంద మీదికి ఉరకబోయాడు. పేరన అతని కాలు పట్టుకున్నాడు. ఎవరో ముంతతో నీళ్ళు పోశారు. రెండు గుక్కలు మింగాక పేరనకు మాట వచ్చింది.

"కొయ్య ఖాళీగా ఉండదురా. దిగినవాణ్ణి మొదట ముట్టుకున్నవాళ్ళు ఎక్కాల్సిందే. నిలబడ్డ మా అందరికీ ఆ సంగతి తెలుసు. చెబుదామంటే నోరేది?"

"నన్ను చంపెయ్యి అన్నా."

"చావడానికి తొందరేంది, వాన వస్తూనే ఉందిగా. ముందు నే చెప్పేది విను." పేరన గొంతులో ఏడుపు లేదు. ఏడుపు ఎక్కడో గడ్డిలోనే ఇంకిపోయింది. "మందలన్నీ పంట మేస్తాయి. ఒక్కటి మాత్రం మేయదు. నల్ల ఇర్రి, ఇంత పొడుగు కొమ్ములు. రోజూ సరిగ్గా మిట్టమధ్యాహ్నానికి వస్తుంది. పొలం పొలం తిరిగి మాలో ఒక్కొక్కరి గుండెల దగ్గర ఒక్కొక్క పరక లాక్కుని నములుతుంది. అది నమిలినప్పుడల్లా ఒంట్లోంచి ఒక రోజు ఊడిపోయినట్టుంటుందిరా. అది లేడి కాదు. ఆ మాంత్రికుడే అయ్యుంటాడు. అది పోతే ఈ కట్టు తెగుద్ది."

"ఈటె తెండి" అన్నాడు బైచన.

"కొట్టావంటే నువ్వూ బొమ్మవే" అన్నాడు పేరన.

అప్పుడు కాటమవ్వ కర్ర నేలకేసి కొట్టింది.

"కొట్టమని ఎవరన్నారు? మా అవ్వల కాలంనుంచి లేడిని కొట్టి ఎరగం. బెదిరించి ఎరుగుదుం. శాసనంలో కొట్టొద్దని ఉంది గాని బెదిరించొద్దని లేదు. ఆరేళ్ళుగా ఈ బొమ్మలు కదలకపోయేసరికి లేళ్ళకు బెదురంటేనే మరుపొచ్చింది. కదిలే బొమ్మను చూసి చాలాకాలమైంది. రా, ఇటు కూర్చో."

కడుపులో మూడు చితులు మండుతున్న మనిషి, పదిమంది కళ్ళముందు, మోపెడు గడ్డి ముందేసుకుని పనికి దిగింది. ముసలి వేళ్ళు మగ్గంలో కండెలా తిరిగాయి. బైచన కాళ్ళకు, నడుముకు, చేతులకు గడ్డి చుట్టి నారతో బిగించింది. చిరుగుల చొక్కా తొడిగింది. ముఖానికి మసి పూసి, రెండు కన్నాలు పొడిచిన కుండ నెత్తిన బోర్లించింది. ఆఖరి ముడి వేస్తూ, "నీ అన్నను అడిగినందుకు నిన్ను క్షమించలేదు. గుర్తుపెట్టుకో. నా కొడుకుల్ని దించావంటే అప్పుడు చూద్దాం" అంది.

"క్షమించమాకవ్వా" అన్నాడు కుండలోంచి బైచన.

జనం ఇళ్ళలోకి తప్పుకున్నారు. బైచన వదిన పక్కనే, చేతులు చాపి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. మబ్బుల సందులోంచి ఎండ కొరడాలా తగులుతోంది. గడ్డి గుచ్చుకుంటోంది. చెమట కళ్ళలోకి దిగుతోంది. ఒక దుప్పి వచ్చి అతని తొడకు వీపు రుద్దుకుని పోయింది. ఇంకోటి అతని నీడలో కాళ్ళు ముడుచుకుని పడుకుంది.

పొద్దు నడినెత్తికి వచ్చింది. కొండచరియ మీదినుంచి నల్ల ఇర్రి దిగింది. నల్లకలువ రేకులా నున్నని మేను, వెన్నెల పూసినట్టు తెల్లని పొట్ట, మూరెడు మూరెడు మెలికలతో ఆకాశాన్ని పొడిచే కొమ్ములు, మట్టి అంటని గిట్టలు. ఎంత అందమైన జంతువంటే, ఎందుకొచ్చాడో బైచన ఒక్కక్షణం మరిచిపోయాడు. అది ఒక్కో పొలమే దాటుకుంటూ వచ్చింది. కాటమవ్వ పెద్దకొడుకు గుండెలోంచి ఒక పరక. నడిమివాడి గుండెలోంచి ఒకటి. చిన్నవాడి గుండెలోంచి ఒకటి. నిదానంగా, రుచి చూస్తూ నమిలింది. చివరికి పోలమ ముందు ఆగి, కొత్తగడ్డి వాసనకు ముక్కుపుటాలు విప్పి మూతి చాపింది.

"హోయ్!"

బైచన కదిలాడు. రెండుచేతులూ చెట్టంత ఎత్తి, పళ్ళెమంత నోరు చేసి, కుండలోంచి గుహలో పులి గాండ్రించినట్టు అరిచాడు. ఆరేళ్ళలో మొట్టమొదటిసారి ఒక ఇర్రిబెదురు కదిలింది!

మందలు పేలిపోయినట్టు చెదిరాయి. దుప్పులు దుప్పుల మీద పడ్డాయి. వేయి గిట్టల చప్పుడుకు నేల అదిరి ఏటినీళ్ళు గట్టెక్కాయి. ఇళ్ళలోంచి జనం తప్పెటలు, పళ్ళాలు, చేటలు పట్టుకుని బయటికి ఉరికి మూడువైపులా గోల చేశారు. ఎవరూ రాయి ముట్టలేదు. మిగిలింది ఒక్క దారి. కొండమీది గద్దలవాలు. అడుగు కనబడని లోయ అది.

నల్ల ఇర్రి ఆ దారినే పట్టింది. వెనకాలే బైచన. గడ్డి ఊడిపోతోంది, కుండ రాతికి తగిలి పగిలింది, ముళ్ళు కాళ్ళలో దిగుతున్నాయి. ఇర్రి ముప్పై అడుగుల గండి దూకింది. అతను మర్రి ఊడను పట్టుకుని ఊగి దూకాడు. అది బండల మీదినుంచి బండలకు మెరుపులా పాకింది. అతను పొట్టమీద జారి అడ్డం తిరిగాడు. వాలు అంచున దారి ముగిసింది. ఇర్రి వెనక్కి తిరిగి, కొమ్ములు వంచి మీదికి వచ్చింది. ఆ రెండు కొమ్ములనూ బైచన రెండుచేతులా ఒడిసి పట్టాడు.

కొట్టలేదు. పట్టుకున్నాడంతే. అది తెలిసిన ఇర్రి ఒక పని చేసింది. తన ముంగాలిని తానే బండకేసి బాదుకుంది. అతనే కొట్టినట్టు నెత్తురు చుక్క చిందింది. ఆ క్షణమే బైచన గోళ్ళు పసుపుపచ్చగా మారి, పరకలు పరకలుగా చీలడం మొదలైంది. చలి వేళ్ళలోంచి మణికట్టుకు పాకింది.

"మాయావీ! ధూమకేశా! వీళ్ళను వదులు!" అని అరిచాడు.

ఇర్రి నోరు తెరిచింది. అందులోంచి వచ్చింది మాంత్రికుడి గొంతు కాదు. మెత్తని, ప్రేమ నిండిన, సేనల ముందు మాటిచ్చిన గొంతు.

"ధూమకేశుడు కాదు, నేను. అక్కడ పట్టెమంచం మీద మధ్యాహ్నం పూట నిద్రపోయేది ఒట్టి ఒళ్ళే. పంచిన ప్రాణమంటూ ఏదీ లేదు బైచనా. ముసలితనం వచ్చింది, ఆయుష్షు కావలసి వచ్చింది. వదిలిపెట్టు. నా ఉప్పు తిన్నవాడివి."

బైచన తెగిన చెవి దగ్గర పాత గాయం భగ్గుమంది. ఈ మెడ కోసమే కత్తికి అడ్డంపడ్డాడు. ఈ మెడే ఇప్పుడు అతని చేతుల మధ్య ఉంది.

"మీ ఉప్పు తిన్నాను మహారాజా" అన్నాడు. గడ్డి మోచేతులు దాటింది. "మీరు మా ఊరినే తిన్నారు."

ఇర్రి కళ్ళలో ప్రేమ ఆరిపోయింది.

"అయితే నాతోనే రా" అంది. వెనకకాళ్ళు కూడదీసుకుని, కొమ్ములకు వేలాడుతున్న మనిషితో సహా గద్దలవాలు అంచునుంచి ఒక్క గెంతు గెంతింది.

కింద లోయ నిండా పొగలాంటి మంచు. ఆ మంచు నడుమ, నవ్వుతున్న ధూమకేశుడి నోరులా, ఏదో మెల్లగా తెరుచుకుంటోంది. బైచన కొమ్ములు వదల్లేదు. కళ్ళు కూడా మూసుకోలేదు.